సమ్మెట పరీక్ష

"ఇంకోటి పెట్టు పాపా," అన్నాడు పుల్లయ్య, సమ్మెట భుజానికెత్తుకుని.

రసజ్ఞ ప్రాణం ఉసూరుమంది. ఆ పెట్టెల్లోని సర్క్యూట్ బోర్డులన్నీ ఆమె చేత్తో అతికినవే. అమ్ముకోవాల్సిన సరుకును యజమానే నుగ్గు నుగ్గు చేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడ వెనక సందులో ఉంది వాళ్ళ కంపెనీ. చుట్టుపక్కల అందరూ రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని బెంగపడుతూ డాలర్లు సంపాదిస్తున్నారు. పుల్లయ్య మాత్రం బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు చేస్తున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. చిక్కల్లా వానతోనే. చుక్క నీరు లోపలికి దిగిందా, బోర్డు పని సరి.

అందుకే బోర్డు మీద పాటింగ్ కాంపౌండ్ పోస్తారు. పోసినప్పుడు పాకంలా ఉండి, తెల్లారేసరికి గడ్డకడుతుంది. ఏ రకం పోయాలో తేల్చే పని రసజ్ఞకి పడింది. అద్దంలా లోపలిదంతా కనిపించే సిలికాన్ జెల్లీ ఒకటి. కోస్తే ఊడివస్తుంది, రిపేరుకి సుళువు, కానీ ఖరీదు. రాయిలా బిగుసుకుపోయే నల్ల ఎపాక్సీ ఇంకొకటి. రెంటినీ బకెట్లో ముంచింది, ఎండబెట్టింది, మేడమీంచి కిందికి పారేసింది. చివరికి నల్లదే ఖాయం చేసింది. ఉద్యోగం మాత్రం ఇంకా ఖాయం కాలేదు. ఈ ఎంపిక తప్పిందంటే, స్నేహితురాళ్ళలా అమీర్‌పేట వెళ్ళి కంప్యూటర్ కోర్సుకి క్యూ కట్టడమే.

పుల్లయ్యకి నల్లది తెగ నచ్చింది. నిన్న ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, మొదటి పోత తన చేతి మీదుగానే జరగాలన్నాడు. రసజ్ఞ రబ్బరు తొడుగులిస్తే, "శుభమా అని మొదలుపెడతా ఉంటే తొడుగులేంది పాపా" అని పక్కన పడేశాడు. తనే కలిపాడు, తనే పోశాడు, ప్రతి పెట్టెనీ వేలితో చదును చేశాడు.

అలాంటి మనిషి ఇవాళ పొద్దున్నే సమ్మెటతో తయారయ్యాడు.

"ఒకటో రెండో పగలగొడితే తెలిసిపోతుంది కదండీ. అన్నీ ఎందుకండీ?" అంది రసజ్ఞ.

"ఒకదాంట్లో లేంది ఇంకోదాంట్లో ఉండొచ్చు. అన్నీ చూడాల."

పెట్టె ఒక పట్టాన పగల్లేదు. పగిలాక ముక్కముక్కనీ ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి చూశాడు.

"లోపమేమైనా కనిపించిందాండీ?"

"లేదు పాపా," అన్నాడు దిగులుగా. లోపం లేదని దిగులుపడే యజమానిని రసజ్ఞ ఎక్కడా చూడలేదు.

"ఆ జెల్లీ పోసుంటే ఎంత బాగుండు! లోపలంతా కనపడతా ఉండేది," అన్నాడు మళ్ళీ.

తన ఎంపికకే ఎసరొచ్చిందనుకుంది రసజ్ఞ. "రైతుకి లోపలేముందో చూడాల్సిన పనేముందండీ?"

"రైతుకు కాదులే," అని నసిగాడు.

ఫోన్ మోగింది. అవతల పుల్లయ్య భార్య లక్ష్మీదేవి.

"మీ సారు రాత్రి ఇంటికే రాలేదే! ఆడ ఉండాడా?"

పుల్లయ్య లేనని చెప్పమన్నట్టు రెండు చేతులూ ఊపాడు. రసజ్ఞకి అబద్ధం నోటికి రాలేదు. "పరీక్షలో ఉన్నారండీ," అంది.

"ఈ వయసులో పరీక్షలేంది?" అని ఆవిడ ఫోన్ ఠక్కున పెట్టేసింది.

మధ్యాహ్నానికి సిద్దిపేట నుంచి డీలరు యాదయ్య దిగాడు. ఆయన ఆర్డరు మీదే కంపెనీ ఆశంతా. గుమ్మంలోనే నిలబడి, ముక్కల గుట్టనీ చెమటలు కారుతున్న పుల్లయ్యనీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది సారూ, మీ మాల్ మీరే పలగ్గొడుతున్నరు?"

"పరీక్ష." పుల్లయ్య తలెత్తలేదు.

"అన్నీనా?"

"అన్నీ."

యాదయ్య సమ్మెట అందుకుని, మిగిలిన ఒక్క పెట్టె మీద తనూ నాలుగు వేశాడు. పెట్టె చెక్కు చెదరలేదు. ఆయన చేతులే జివ్వుమన్నాయి.

"నేను శానా కంపెనీలు జూసిన. గింత నియ్యత్ ఉన్నోళ్ళను జూడలే. ఇగ నాకేం ఫికర్ లేదు, ఆర్డరు మీకే. గీ నల్లదే పొయ్యాలె, ఇంకోటొద్దు."

రసజ్ఞకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఉద్యోగం నిలిచింది, అమీర్‌పేట గండం గడిచింది. ఆ ఒక్క పెట్టెకీ చేతులడ్డం పెట్టి, "ఆర్డరొచ్చేసింది కదండీ, ఇదైనా వదిలేయండి!" అని బతిమాలింది.

"జరుగు పాపా," అన్నాడు పుల్లయ్య, వెంకన్నకి దణ్ణం పెట్టుకుని.

సమ్మెట దబ్బున పడింది.

పుల్లయ్య ఒక నల్ల ముక్కను ఏరి కళ్ళకద్దుకుని, అందులో ఇరుక్కున్న తన పెళ్ళి ఉంగరాన్ని గోటితో గీకుతూ, "ఇప్పుడు మీ మేడమ్‌కు ఫోన్ కలుపు పాపా, ఇంటికొస్తా ఉండానని చెప్పు," అన్నాడు.