ఎర్ర టోపీ పిల్ల

“ఆ టోపీ పెట్టుకున్న పిల్లని నేనే!” అంది సువార్తమ్మ, ఫోన్‌ని ముక్కుకి ఆనించుకుని.

“నువ్వెలా అవుతావే? అది నేను,” అంటూ పక్కింటి ప్రిస్కిల్లా ఆ ఫోన్ లాక్కుంది.

ఫోన్ అసలు సువార్తమ్మ మనవరాలు వినీలది. ఒకప్పుడు భీమవరంలో పనిచేసిన డాక్టరు దొరసాని తీసిన రంగుల ఫోటోల్ని ఆవిడ తాలూకు వాళ్లెవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. ఒకటి వినీల కంటపడింది. మిషన్ కాంపౌండ్ గోడ ముందు అయిదారేళ్ల పిల్ల. పసుపుపచ్చ కుచ్చుల గౌను. మోకాళ్ల దాకా తెల్లటి మేజోళ్లున్నాయి గానీ జోళ్లు లేవు. తలమీద ఎర్ర టోపీ, దాని రిబ్బను గడ్డం కింద పువ్వులా ముడేసి ఉంది. టోపీ అంచు నీడ కళ్ల మీద పడటంతో, నవ్వుతున్న నోరూ, ఊడిన ముందుపళ్ల సందూ తప్ప మొహం సరిగ్గా తెలియడం లేదు. రంగులు మాత్రం నిన్న తీసినట్టున్నాయి.

ఆదివారం చర్చి వార్షికోత్సవం. ఆ ఫోటో పెద్దది చేయించి, కింద పేరు రాయించి గుమ్మంలో పెట్టాలని వినీల సరదా. ఆ సరదా ఇంత పని చేస్తుందని పాపం ఆమెకి తెలీదు.

“అమెరికా నుంచి బట్టల పెట్టె వచ్చినప్పుడు పాస్టరమ్మగారు నాకిచ్చిన టోపీ అది,” అంది సువార్తమ్మ. “అది పెట్టుకునే సండేస్కూల్లో కంఠత వాక్యం చెప్పాను.”

“నీ దగ్గర తీసుకుని నాకు పెట్టారు. పేలు పట్టాయని మా అమ్మ నన్ను కొట్టింది కూడా. అవి నీ పేలే!”

“నా తలలో పేలా?”

“మరెవరివే?”

సువార్తమ్మ భర్త చిట్టియ్య అంతసేపూ పేపరు వెనకాలే ఉన్నాడు. ఆయనా ఆ కాంపౌండ్‌లో పెరిగినవాడే. లెక్కల మాస్టారుగా రిటైరై ఇప్పుడు సంఘపెద్దగా ఉన్నాడు. ఆయన మీసం చూస్తే పిల్లలు వచ్చిన ఎక్కాలు కూడా మర్చిపోయేవారు.

“ఏవండీ, అప్పుడు మీరూ అక్కడే ఉన్నారుగా. మీరే చెప్పండి, ఎవరది?”

“బావగారూ, మీ ఆవిడని చూడకండి, దేవుడికి భయపడి చెప్పండి,” అంది ప్రిస్కిల్లా.

చిట్టియ్య ఫోటో చూశాడు. ఒకసారి భార్యనీ, ఒకసారి ప్రిస్కిల్లానీ చూశాడు.

“కళ్లజోడు లేదు. కనిపించట్లేదు,” అన్నాడు.

“మీ ముక్కు మీదే ఉంది కదా తాతయ్యా,” అంది వినీల.

“ఇది పేపరుకి,” అంటూ ఆయన సంచీ తీసుకుని కూరగాయలకి వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంట్లో కూరగాయలు నిండుగా ఉన్నాయి.

అప్పట్నుంచీ ప్రహరీ గోడకి రెండువైపులా మాటల్లేవు. ఇటునుంచి అటు పచ్చడి వెళ్లలేదు, అటునుంచి ఇటు చేపల పులుసు రాలేదు. చిట్టియ్య రోజూ వంకాయే తింటున్నాడు. ఎవరేమడిగినా నోరు మాత్రం విప్పలేదు. ఇద్దరాడవాళ్ల మధ్య తలదూర్చడం ఎందుకనుకున్నాడేమోనని వినీలే జాలిపడింది.

శనివారం పొద్దున్న సువార్తమ్మ మనవరాలి పక్కన కూర్చుని ఫోటో మళ్లీ చూపించమంది.

“నాకు చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదే. మా పెళ్లి ఫోటోయే నా మొదటి ఫోటో. చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్నో అడుగుదామంటే అమ్మ లేదు, అక్క లేదు. చెప్పేవాళ్లు ఇంకెవరున్నారు? ఆ ప్రిస్కిల్లా…”

మాట మధ్యలో ఆగిపోయింది. లేచి చెప్పులేసుకుంది.

గేటు దాకా వెళ్లేసరికి అటునుంచి ప్రిస్కిల్లా వస్తోంది. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె.

“ప్రిస్కీ, నీ పేరే రాయించుకోవే. ఆ పిల్ల నువ్వే.”

ప్రిస్కిల్లా కళ్లు తుడుచుకుంది. “కాదులే. ఆ నవ్వు నీదే. నీ పేరే రాయించమని చెబుదామని వస్తున్నాను.”

“నీదంటున్నానుగా!”

“నాకేం నువ్వు ధర్మం చెయ్యక్కర్లేదు. నీదే!”

“నేను ధర్మం చేస్తున్నానా? మంచికి పోయినా నీతో తంటాయేనే!”

“తంటా నాతోనా? ఆ టోపీ నాకు సరిగ్గా పట్టేది కూడా కాదు, నీదే!”

“నా తల నీ తలకంటే పెద్దది, నీదే!”

గొంతులు మళ్లీ పెరిగాయి. గిన్నె ఒకపక్కకి ఒరిగి పులుసు మూత సందులోంచి కారడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే ఫ్లెక్సీ షాపు నుంచి వినీలకి ఫోన్ వచ్చింది.

“మేడమ్, ఫోటో కింద పేరేంటో చెప్తారా? మిషన్ మీద ఎక్కించేశామండి.”

“ఒక్క నిమిషమండి,” అని వినీల ఇద్దరి మధ్యకీ వెళ్లి నిలబడింది. “అమ్మమ్మా, ప్రిస్కిల్లమ్మమ్మా, ఏదో ఒకటి తేల్చండి. ఎవరి పేరు రాయమంటారు?”

చిట్టియ్య వరండా మెట్లు దిగి వచ్చాడు. ప్రిస్కిల్లా చేతిలోంచి గిన్నె జాగ్రత్తగా అందుకుని గోడ మీద పెట్టాడు. మీసం ఒకసారి తడుముకుని, ఎవరి మొహమూ చూడకుండా మనవరాలితో అన్నాడు.

“చిట్టియ్య అని రాయించమ్మా. ఆ ఏడు పెట్టెలో మగపిల్లల బట్టలు రాలేదు.”