మొదటి ముద్ద

సింధు పప్పన్నం కలిపి, ముద్ద చేసి, తను తినకుండా చెయ్యి ముందుకు చాపింది.

"ముందు మీరు తినుండ్రి, చిన్నమ్మా."

ఇంద్రజ నోరు తెరిచింది. నమిలింది, మింగింది. మింగానని నాలుక చాపి చూపిద్దామనుకుంది గానీ, ఎగతాళి చేసినట్టుంటుందని మానుకుంది. సింధు ఆమె మొహంలోకి కాసేపు చూసి, అప్పుడు కంచం దగ్గరికి లాక్కుంది. నాలుగు మెతుకులు కెలికి లేచిపోయింది. కాలేజీ క్యాంటీన్‌లో తింటానంది.

రోజూ ఇదే తంతు.

నడిగూడెంలో అన్నదమ్ములకు వండి వార్చడంతోనే ఇంద్రజ వయసు సగం గడిచిపోయింది. పెళ్లి మాట అందరూ మరిచిపోయాక కోదాడ నుంచి ఈ రెండో సంబంధం వచ్చింది. గోపాల్‌ది ధాన్యం వ్యాపారం. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరగడమే అతని లోకం. మొదటి భార్య జబ్బు చేసి పోయింది. ఇంట్లో మిగిలింది ఇంజనీరింగ్ చదివే కూతురు సింధు. ఇంద్రజ కోరిక ఒక్కటే. ఈ పిల్ల తన చేతి ముద్ద భయం లేకుండా తినాలి, ఒక్కసారి అమ్మా అని పిలవాలి.

దానికి పుస్తకాలు అడ్డం పడ్డాయి. సింధు గది నిండా అవే. పాత రాకుమారి కథలనే తిరగరాసి, నెత్తురూ విషమూ దట్టించిన లావుపాటి పుస్తకాలు. అట్ట మీద రాకుమారి చేతిలో పువ్వుండాల్సిన చోట బాకు ఉంటుంది. చదవడం చాలక పిల్ల తనే ఒకటి రాస్తోంది, కథల యాప్‌లో, వారానికో భాగం. మూసీ ఒడ్డున కోట, కోటలో సవతి రాణి, రాణి చేతిలో విషం నింపిన సీతాఫలం. చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. రాణిని తిట్టిపోయడానికే సగం మంది వస్తారు.

ఇంద్రజ కూడా దొంగచాటుగా చదివేది. రాణికి అచ్చం తన ముక్కుపుడకే పెట్టింది పిల్ల. అది చూసిన రోజు స్నానాల గదిలో నీళ్లు వదిలి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది.

నెల తప్పిందని తెలిశాక వ్యవహారం ముదిరింది. తన కడుపు పండాక సవతి తల్లి ఏం చేస్తుందో ఆ పుస్తకాలన్నిట్లోనూ ఉంది మరి. మొదటి ముద్ద చిన్నమ్మ తింటేనే తాను తింటానని సింధు తండ్రి మొహం మీదే చెప్పేసింది. గోపాల్ చెయ్యెత్తబోతే ఇంద్రజే అడ్డం పోయింది.

"తల్లి లేని పిల్లకు అనుమానం ఉండదా అండి? ఒక ముద్ద తింటే నా సొమ్మేం పోతది?"

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం రోజుకో ముద్దతో శాంతిస్తుందంటే అంతకన్నా చవక బేరం ఏముంటుందని ఇంద్రజ అనుకుంది.

పనిమనిషి సాయమ్మకైతే ఇందులో అనుమానమే కనబడలేదు. కన్నబిడ్డలు కూడా ఇట్లా కలిపి నోట్లో పెట్టరని, దీనికి పెట్టి పుట్టాలని ముక్కున వేలేసుకునేది. ఆ మాట ఇంద్రజకు ఎంతో తీపిగా తోచింది. నిజమే, పెట్టేది కూతురి చెయ్యే కదా. బుద్ధి తెలిశాక తనకు ముద్ద కలిపి పెట్టినవాళ్లు లేరు. వేవిళ్లతో ఏది తిన్నా చేదుగానే ఉన్నా, ఆ ఒక్క ముద్ద మాత్రం ఆమె ఏనాడూ వద్దనలేదు.

కొన్నాళ్లకు సింధు కథలోనూ రాకుమారి రాణి చేత అన్నీ ముందు తినిపించడం మొదలుపెట్టింది. ఇక రాణి ఎలా చంపుతుందని పాఠకులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారట. అన్నం కలుపుతూ ఆ సంగతి చెప్పి సింధు నవ్వింది.

"వాళ్లకేం తెల్వదు చిన్నమ్మా. అందరు రాణి చేతులే చూస్తున్నరు."

ఆ నవ్వు చూసి ఇంద్రజ పొంగిపోయింది. రాణి చివరికి మంచిదని తేలుతుందేమో. పిల్ల మనసు మెత్తబడుతోంది.

అయిదో నెలలో, పట్టపగలు, బట్టలు ఆరేస్తూ ఇంద్రజ కూలబడిపోయింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది. మగపిల్లాడు. ఈ వయసులో తొలి కాన్పు, ఒక్కోసారి ఇట్లా అవుతుంది, కారణాలు వెతుక్కోవద్దని డాక్టరమ్మ చెప్పింది. గోపాల్ అంత కూడా చెప్పలేదు.

"నీ రాతల లేదు," అన్నాడు. మిర్యాలగూడలో లారీలు ఆగి ఉన్నాయని వెళ్లిపోయాడు.

ఇల్లు చేరాక ఇంద్రజ మంచం దిగలేదు. సాయమ్మ చారన్నం కంచంలో పెట్టి ఇచ్చి వెళ్లింది. సింధు వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. తను తినకపోయినా పిల్ల పస్తుండకూడదని ఇంద్రజ ముద్ద కలిపింది. అలవాటుగా ముందు తన నోటి దగ్గరికే తీసుకుపోయింది.

సింధు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. మెల్లగా తన వైపు తిప్పుకుని, ముద్ద తినేసింది. ఇంకో ముద్ద అడిగింది. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నది.

"ఇగ నువ్వు ముందు తినే పని లేదమ్మా."

మీరు పోయి నువ్వు వచ్చింది. చిన్నమ్మ పోయి అమ్మ వచ్చింది. ఇంద్రజ పిల్లను గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. కడుపులో బిడ్డను తీసుకుపోయిన దేవుడు ఒళ్లోకి ఈ బిడ్డను ఇచ్చాడని, ఆ దుఃఖంలోనే దండం పెట్టుకుంది.

సింధు ఖాళీ కంచంతో వంటింట్లోకి వెళ్లి, ఇన్నాళ్లూ మొదటి ముద్దలో మాత్రమే కలుపుతూ వచ్చిన పొడి పొట్లాన్ని విప్పి, మిగిలిందంతా నీళ్లలో వదిలేసింది.