రాణి కొండెక్కిన రోజు

"ఎవరమ్మా నువ్వు? ముందు ఆ కుర్చీలోంచి లే."

అరకు గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చున్న ఆడమనిషి గబుక్కున లేచి నిలబడింది. అరవయ్యేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు వానకు తడిసి ఉన్నాయి.

"పల్గుణ మాస్టారు పంపినారు బాబూ. కేలండరు సేత్తన్నది తమరేనా?"

ప్రసన్నకుమార్ ఆమెను కింది నుంచి పైదాకా తీరిగ్గా చూశాడు. ఎదుటి మనిషిని తక్కువ చేయడానికి ఆమాత్రం తీరిక అతనికి ఎప్పుడూ ఉంటుంది.

విశాఖపట్నంలో యాప్‌లు తయారుచేసే ఓ కంపెనీలో అతను ప్రోగ్రామర్. తనకు రానిదేదీ అసలు విద్యే కాదని అతని నమ్మకం.

జి.మాడుగుల వైపు కొండల్లో పాఠాలు చెప్పిన సుక్రు మాస్టారు, నిరుడు పోయే ముందు ఒకే ఒక్క నవల రాశాడు. లేని రాజ్యం, దానికో రాణి, దానికో క్యాలెండర్. వలిసెపూల నెల, సామకొత్తల నెల అంటూ నెలల పేర్లు. కుర్రకారు ఎగబడి కొన్నారు.

మన పుట్టినరోజు కొడితే ఆ రాజ్యం లెక్కలో తేదీ చెప్పే యాప్ చేద్దామని కంపెనీకి బుద్ధి పుట్టింది. సవ్యంగా చేస్తే ప్రసన్నకుమార్ టీమ్ లీడ్.

అంతా అయింది. ఒక్కటే తక్కువ.

ఆ రాజ్యంలో ఏళ్ళ లెక్క 'రాణి కొండెక్కిన రోజు' నుంచి మొదలవుతుంది. అది మన లెక్కలో ఏ రోజో నవల్లో లేదు. అది తెలియందే కన్వర్టర్ కదలదు.

"ఆ రోజు తెలిసిన మనిషి ఒక్కరున్నారు సార్. మీరే ఓసారి రండి" అన్నాడు ఫోన్లో సుక్రు స్నేహితుడు ఫల్గుణ.

అరకు దాకా రైల్లో రావచ్చు, ఆపైన ఘాట్ రోడ్డులో బస్సు తనకు పడదని, "ఆ మనిషినే అరకు పంపండి" అని ఫోన్ పెట్టేశాడు ప్రసన్నకుమార్. ఏ ప్రొఫెసరో కారు దిగుతాడనుకుంటే ఈవిడ దిగింది, బస్సు.

"నీకేం తెలుసని పంపాడాయన?"

"ఆ దినం నాకు తెలుసు బాబూ."

"నవల చదివావా?"

"నాకు సదువు నేదు. పుస్తకంలో ఏటి రాసినారో నాకు తెల్దు."

ప్రసన్నకుమార్ పగలబడి నవ్వాడు.

"భేష్! పుస్తకం ముట్టుకోలేదు, తేదీ మాత్రం చెప్పేస్తావన్నమాట."

ఆమె ఏమీ అనుకోలేదు. ల్యాప్‌టాప్ వైపు వంగి చూసింది. తెరమీద బంగారు కిరీటం పెట్టుకున్న ఒక తెల్లటి పిల్ల ఏనుగెక్కి వస్తోంది.

"ఈ గుంటెవులు బాబూ?"

"రాణి. పట్టాభిషేకానికి కొండెక్కుతోంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏనుగు నేదు, ఏటీ నేదు. సంత కాడి నుంచి నడిసే ఎల్లింది. వాన. సెప్పులు సేత్తో అట్టుకుంది."

"పట్టాభిషేకానికి సంత నుంచి వెళ్ళిందా? కూరలు కొనుక్కునా?"

"కొనీ తీరికేది బాబూ, బేగి ఎల్లిపోవాల గదా!"

ప్రసన్నకుమార్‌కు ఒళ్ళు మండింది. ఇదేం ఖర్మరా నాకు అనుకున్నాడు.

"చూడమ్మా, నేను పంచాంగం మొత్తం ప్రోగ్రాంలో పెట్టాను. రాణంటూ కొండెక్కితే మాఘమాసంలో, మంచి నక్షత్రం చూసుకుని ఎక్కుతుంది."

"ఆసాడంలో ఎక్కింది బాబూ."

"ఆషాఢంలోనా! ఏ తలమాసినవాడు పెట్టాడమ్మా ఆ ముహూర్తం?"

"ఎవులూ ఎట్నేదు. తేదీ సెప్తాను, రాసుకోండి."

"అక్కర్లేదు."

"ఆయన లెక్క తప్పిపోకూడదని తెల్లారి బస్సుకి ఒచ్చినాను బాబూ. ఒక్క ముక్క రాసుకోండి."

"నవలకు పేరొచ్చాక మీ కొండల్లో ప్రతివాళ్ళకూ మాస్టారు చుట్టమే. వెళ్ళమ్మా, నాకు పనుంది."

ఆమె మొహం చిన్నబోయింది.

"అలాగే బాబూ" అని వానలోకి దిగిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆ గెస్ట్‌హౌస్‌లోనే యాప్ విడుదల. బాస్ సకుటుంబంగా వస్తున్నాడు. అప్పుడు ప్రసన్నకుమార్ బుర్ర పాదరసంలా పనిచేసింది. రాణి కొండెక్కిన రోజు దగ్గర బాస్‌గారి పెళ్ళిరోజు కొట్టాడు.

బాస్ కరిగిపోయాడు. బాస్ భార్య కళ్ళు తుడుచుకుంది. ప్రసన్నకుమార్ అక్కడికక్కడే టీమ్ లీడ్ అయ్యాడు.

వేలమంది యాప్ దించుకుని, వచ్చిన తేదీని ఫోన్లలో స్టేటస్‌గా పెట్టుకున్నారు. అందరిదీ తప్పే. ఎవడికి కావాలి?

రెండ్రోజులకు ఫల్గుణ ఫోన్ చేశాడు.

"సార్, ఆ రోజని మీకెవరు చెప్పారు?"

"లెక్క కట్టామండీ."

"మా మనిషి మీకేం చెప్పలేదా?"

"వచ్చిందండీ. చదువులేని మనిషిని పంపిస్తే ఏం చేసుకుంటాం చెప్పండి? వెళ్ళమన్నాను."

"వెళ్ళమన్నారా!" అన్నాడు ఫల్గుణ.

"సర్లెండి, తేదీ ఇప్పుడు చెప్పమనండి. తర్వాత ఎప్పుడైనా మారుస్తాం" అన్నాడు ప్రసన్నకుమార్ ఉదారంగా.

"చెప్పదు సార్. 'ఆల్లకి అక్కర్నేదంట, ఇంక ఎవులికీ సెప్పను' అంది. ఏం జరిగిందో నాకిప్పుడు అర్థమైంది."

"అబ్బో, అంత పౌరుషమా! ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

"మావైపు సంతలో చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయినా పెళ్ళే సార్, ముహూర్తాలుండవు" అన్నాడు ఫల్గుణ. "అలా ఆషాఢం వానలో మా సుక్రు వెంట కొండెక్కిన రాణి ఆవిడే."