గేటు తెరిచిందా?

గురువారం సాయంత్రం నాలుగయింది. గేటు చప్పుడు కాలేదు.

మిస్ కాలెండర్ రెండు గ్లాసుల్లో నిమ్మరసం పోసి వరండాలో కూర్చుంది. లోపల వంటింటి గడియారం నాలుగూ పది చూపిస్తోంది. అది ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. ఆ సంగతి అరీమా ఊరికే కాదు, ట్రినిడాడ్ మొత్తానికీ తెలుసు.

నాలుగున్నరకు గేటు తోసుకుని పక్కింటి మెర్ల్ వచ్చింది. చేతిలో రేడియో మోగుతూనే ఉంది.

"మిస్, విన్నారా? మీ శత్రువు పోయాడు. పికోప్లాట్! పొద్దున, నిద్రలోనేనట."

మిస్ కాలెండర్ రెండో గ్లాసు తీసి ఆమె చేతికిచ్చింది. "కూర్చో. ఆ రేడియో కాస్త తగ్గించు."

మైటీ పికోప్లాట్ అసలు పేరు ఇగ్నేషియస్ మార్సెల్. పంజరంలో పెంచుకునే చిన్న నల్లపిట్ట పేరు పెట్టుకుని నలభై ఏళ్లు కార్నివాల్ జనం చిందులేసే సోకా పాటలు పాడాడు. వాటిలో ముప్పైయెనిమిదేళ్ల కిందటి కార్నివాల్‌కి పాడిన 'టీచరమ్మ గేటు' ఒక్కటే ఒక ఎత్తు. గడియారం ముందుకు తిప్పుకుని, వేళకు వచ్చినవాణ్ణి కూడా ఆలస్యమంటూ గేటు బయట నిలబెట్టే పంతులమ్మ మీద వెక్కిరింత అది. పేరు చెప్పలేదు. కానీ పాటలో ఆ గడియారమూ, ఆమె ఎప్పుడూ వెంట పట్టుకెళ్లే నల్ల గొడుగూ ఉన్నాయి. విన్నవాళ్లంతా తిరిగి, అప్పట్లో కాన్వెంటు బడిలో పాఠాలు చెప్పే మిస్ కాలెండర్ వైపే చూశారు. ఆ ఏడు కార్నివాల్ రెండు రోజులూ ట్రక్కుల మీద అదే పాట.

"పాపం, ఇన్నేళ్లూ గురువారం తప్పకుండా క్షమాపణకి వచ్చాడు," అంది మెర్ల్. "సంచీడు మామిడికాయలు తెచ్చేవాడు. మీరు కరిగితేగా! పోయిన వారం కూడా 'వచ్చే వారం చూద్దాంలే' అని గేటు దాకా సాగనంపారు. నా చెవులారా విన్నాను."

"నీ చెవులకి సెలవులుండవు మెర్ల్."

"అయినా మీ కోపంలోనూ న్యాయముంది. ఆ పాట మూలంగా కాన్వెంటు మదర్ మిమ్మల్ని పిలిపించి గంటసేపు నిలబెట్టిందట కదా?"

"కార్నివాల్ పాటలు పాడే ఆ గుడారాలకీ నీకూ ఏమిటి సంబంధం అని అడిగింది."

"మీరేమన్నారు?"

"ఏమీ లేదన్నాను. ఉద్యోగం కావాలి కదా."

మరుసటి వారం హోలిస్ జోఫీల్డ్ వచ్చాడు. ఒకప్పటి ఆమె విద్యార్థి, ఇప్పుడు పికోప్లాట్ సంస్మరణ సభకి కార్యదర్శి. జుట్టు నెరిసినా పాత అలవాటు పోలేదు, గేటు బయటే నిలబడ్డాడు.

"లోపలికి రా హోలిస్. నువ్వేం ఆలస్యంగా రాలేదు."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. "శనివారం వెలోడ్రోమ్ మైదానంలో సభ, మిస్. అన్నీ సిద్ధం. ఒక్క 'టీచరమ్మ గేటు' సంగతే తేలలేదు. బతికున్న మనిషిని ఏడిపించిన పాట మళ్లీ ఎందుకని రేడియోలో ఎవరో అన్నారు. కమిటీ బెదిరిపోయింది. మీరు ఊఁ అంటేనే పాడతాం. అది లేకపోతే ఆయనకి సభేమిటి చెప్పండి? ఉప్పు లేని పెలావు!"

"పాడండి."

హోలిస్ నమ్మలేకపోయాడు. "అంటే, క్షమించేశారా?"

"క్షమించాల్సింది నేను కాదు. ఆ కాగితమేమిటి?"

అది సభలో చదవబోయే ప్రశంస. ఆమె ఎర్రసిరా కలం తీసింది. లండన్‌లో, టొరంటోలో, బ్రూక్లిన్‌లో మనవాళ్లు ఎక్కడ ఊరేగినా ఆ పాట లేకుండా బండి కదలదని రాశాడు. ఈ దీవిలో పిల్లలు నడక కన్నా ముందు దానికి నడుము తిప్పడం నేర్చారనీ, పెళ్లికి ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని ఈనాటికీ 'గేటు బయటివాడు' అంటారనీ రాశాడు. ఆమె ఒక వాక్యం కుదించింది, రెండు మాటలు కొట్టేసింది. 'స్వయంగా రాసి, పాడి' అన్న చోట కలం ఆగింది. కాగితం మీద ఎర్ర చుక్క పడింది. కలం దాన్ని దాటి కింది వరసకి వెళ్లింది.

"ఇంకొక్కటి, మిస్. ఆ పాట మూడు చరణాలే. మూడోదాంట్లో వాడు వానలో గేటు బయట నిలబడి, 'టీచరమ్మా, నేను వేళకే వచ్చాను' అంటాడు. అంతే. ఇక బాకాలు ఊదుతుంటే పికోప్లాట్ మైకు మా వైపు తిప్పి, 'గేటు తెరిచిందా?' అనేవాడు. మేం గుడ్డలు ఊపుతూ 'ఇంకా లేదూ!' అని అరిచేవాళ్లం. 'అయితే వచ్చే ఏడు!' అనేవాడు. ముప్పైయెనిమిదేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు, గడుసువాడు! ఇప్పుడొక కొత్త గాయని నాలుగో చరణం తను రాస్తానంటోంది. గేటు తెరిపించేస్తుందట."

"వద్దు."

ఆ గొంతుకి హోలిస్ లేచి నిలబడ్డాడు, తరగతిలో లేచినట్టే.

"కోపం కాదు, కూర్చో," అంది ఆమె మెల్లగా. "ఆ చోటు ఖాళీగా ఉంచండి. బాకాలు ఊదనివ్వండి."

"అలాగే మిస్. మీరూ రావాలి. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. ఊపడానికి గుడ్డ మరిచిపోకండి!"

"ఉతికి పెట్టుకుంటాను."

వెళ్తూ అతను గేటు వేయబోయాడు.

"వేయకు హోలిస్," అంది ఆమె. "తెరిచే ఉంచు."

అతను కనుమరుగయ్యాక ఆమె వంటింట్లోకి వెళ్లి గడియారం పది నిమిషాలు వెనక్కి తిప్పింది. బిస్కెట్ల డబ్బా అడుగునుంచి అట్ట మాసిన ఎక్సర్‌సైజు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. మొదటి మూడు పేజీల్లో పేజీకో చరణం, ఆమె చేతిరాతలోనే, కొట్టివేతలతో నిండి ఉన్నాయి. నాలుగో పేజీలో ఏడాదికొకటి చొప్పున తేదీలు మాత్రమే ఉన్నాయి. వాటి కింద ఈనాటి తేదీ వేసి, కలం పట్టుకుని చీకటి పడేదాకా కూర్చుంది.

నాలుగో చరణం ఆమె ఇంకా రాయలేదు.