బింగో ఆగిన సాయంత్రం

డెస్మండ్ వేదిక మీద నిలబడి పుస్తకంలో పేజీ తిప్పాడు. ఇంగ్లండ్‌లోని ఈ బార్న్‌స్లీ కార్మికుల క్లబ్బులో ఇన్నేళ్లూ జోకులు చెప్పి బతికినవాడు, ఇవాళ బొగ్గుగని మనుషుల మీద రాసిన తన మొదటి నవల చదువుతున్నాడు. ఎవరూ నవ్వడం లేదు, కనీసం తిట్టడం కూడా లేదు. ఈ నిశ్శబ్దమంటే అతనికి చచ్చేంత భయం.

గంట మోగింది. అంకెల ఆట బింగో వేళైతే ఎంతటి హాస్యగాడినైనా మధ్యలో దింపేస్తారిక్కడ.

బింగో ఆడించే మావిస్, అంకెల బంతుల సంచీతో వేదికెక్కింది. డెస్మండ్ పుస్తకం మూసేశాడు.

"దిగిపోతున్నా అక్కా. నవ్వించలేకపోయాను."

"నవ్వించమని ఎవడడిగాడ్రా నిన్ను?"

మావిస్ కుర్చీ లాక్కుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గని కూలింది కదా, లోపలికెళ్లినాయన పైకొచ్చాడా లేదా? చదువు."