వెనక కూర్చున్న ఆడవాళ్ళు

"మైకు గుంజుకోండ్రి!"

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సులు ఆగిపోయాయి. నడిరోడ్డు మీదే వంటా వార్పూ నడుస్తోంది.

సింధూర దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగిన తెనాలి వాళ్ళమ్మాయి. టీవీ రిపోర్టర్‌గా కొత్త. ఆమెను చూడగానే జనం చుట్టుముట్టారు.

"మీ చానల్ల మా మాట ఎన్నడన్న ఇనిపిచ్చినరా? మళ్ళెందుకొచ్చినవ్?"

సింధూర మైకును గుండెకు అదుముకుంది.

అంతలో పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్న పెద్దావిడ లేచి వచ్చింది. సింధూర భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఆడపిల్ల మీద గీ ఒర్రుడేంది? అడగొచ్చిన మనిషిని ఎల్లగొడ్తె మన మాట ఎట్ల బయటికి పోతది? జర పక్కకు జరుగుండ్రి."

జనం వెనక్కి తగ్గారు.

సింధూర తేరుకుని మైకు ఆమె ముందు పెట్టింది. "మీరే చెప్పండమ్మా. మీ కష్టమేంటి?"

"నా ముచ్చట ఒద్దు బిడ్డా. అందరు లీడర్లనే అడుగుతరు. గా ఎనక కూసున్న ఆడోళ్ళ నోటికాడ మైకు పెట్టినోళ్ళే లేరు. ఆళ్ళను అడుగు."

సింధూర వెళ్ళి వాళ్ళ మధ్య చతికిలబడింది. ఒకామె ఎండిన బోరు గురించి, ఒకామె డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న కూతురి గురించి చెప్పారు. జంకుతూ మొదలుపెట్టినవాళ్ళు ఆపితే ఒట్టు.

ఆఫీసులో ఆ రికార్డింగ్ విని డెస్క్ ఇన్‌చార్జి పట్టాభి పెదవి విరిచాడు. "ఈ యాస ఎవరికర్థమవుతుందమ్మా? మన మాటల్లోకి మార్చి చదివించేద్దాం."

"వద్దు సార్. ఇందాక ఫోన్లో మా అమ్మకి వినిపించాను. ఏడ్చింది. ఒక్క మాటకీ అర్థం అడగలేదు."

పట్టాభి దాన్ని ఉన్నదున్నట్టే ఎడిటింగ్‌కి పంపాడు.

ఆ సాయంత్రం వార్తల్లో ఆ ఆడవాళ్ళు వాళ్ళ గొంతుల్లోనే, వాళ్ళ మాటల్లోనే పలికారు.

మర్నాడు ఆ సంగతి చెప్పి దణ్ణం పెట్టుకోవాలని సింధూర పరుగున చౌరస్తాకు వెళ్ళింది. పెద్దావిడ లేదు. ఎక్కడని అక్కడివాళ్ళను అడిగింది.

"ఆండాలమ్మనా?" వంటలు చూసుకుంటున్న బాల్‌రాజ్ అడిగాడు. "ఇగ గిటు రాదు. కొడుకు జైల్ల ఉన్నడు. ఆడికి పోయింది."

"జైల్లోనా? ఏం చేశాడు?"

బాల్‌రాజ్ గరిటె పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు.

"పోయిన వారం మీ చానల్ల పొద్దంత రౌడీ రౌడీ అని చూపెట్టిన పోరడు, ఆమె కొడుకే మేడం."