అయిదో రివాల్వరు

ఎల్డన్ చొక్కా జేబులో రెండువందల ముప్ఫై డాలర్లున్నాయి. భార్య నోరీన్ పుచ్చుపన్ను పీకించడానికి రెండు నెలలుగా కూడబెట్టినవి. మూడు గంటలకు వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని ఆమెకు మాటిచ్చాడు. దారిలో, చవగ్గా బ్యాటరీ తీగలు దొరుకుతాయేమోనని హోబర్ట్ తాకట్టు కొట్లోకి తొంగిచూశాడు.

"సమయానికొచ్చావోయ్. నిన్ననే దీని తాకట్టు గడువు దాటింది," అంటూ హోబర్ట్ అద్దాల బల్లమీద ఆరు తూటాల రివాల్వరు పెట్టాడు. "పాపం, విడిపించుకోలేకపోయాడు. రిటైరైన పోలీసాయన. ఇరవై ఏళ్లు నడుముకి కట్టుకున్నాడట."

ఎల్డన్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "వద్దులేవయ్యా. ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయి."

"నాలుగున్నవాడికేగా అయిదోదాని విలువ తెలిసేది! ఆ తెల్లపిడి చూడు. బయట నాలుగొందలు. నీకు నూట తొంభై."

"నూట డెబ్భై."

"మా ఆవిడ నన్ను గెంటేస్తుంది. నూట ఎనభై, ఇంక నోరెత్తకు."

ఎల్డన్ మనసుపడేది ఎప్పుడూ ఆ రకం మీదే. వాళ్ల నాన్న దగ్గర అలాంటిది ఉండేది. కిందటిసారి నల్లపిడిది, ఎవరో వితంతువు తాకట్టు పెట్టిందట. అంతకుముందు చెక్కపిడిది, ఎవరో పశువుల ఆసామిదట. ఫారం నింపాడు. హోబర్ట్ ప్రభుత్వ కార్యాలయానికి ఫోన్లో అతని వివరాలు చెప్పాక, అమ్మవచ్చనే కబురు వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. మనసు మార్చుకోవడానికి చాలినంత సమయమే. ఎల్డన్ మార్చుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి నోరీన్ కోటు వేసుకుని సిద్ధంగా ఉంది. బుగ్గ వాచిపోయింది.

"పద, ఆలస్యమవుతోంది."

"డాక్టరు... ఊళ్లో లేడట. వచ్చేవారం రమ్మన్నారు."

నోరీన్ అతని ముఖంలోకి చూసింది. కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"సరే. సూప్ కాస్తాను. నమిలే పనుండదు."

తిట్టినా బాగుండేదనిపించింది ఎల్డన్‌కి. తలొంచుకుని, చొక్కా కింద దాచిన రివాల్వరుతో నేలమాళిగలోకి దిగాడు. అక్కడ పాత ఐసుపెట్టెలో తువ్వాళ్లలో చుట్టి నాలుగు మూటలున్నాయి. ఏది కొన్నా, అందులో దాచాక సిగ్గుతో మళ్లీ దాని ముఖం చూసేవాడు కాదు. ఈసారి చూడాలనుకున్నాడు. రేపే అయిదూ అమ్మేసి, నోరీన్ పన్ను పీకించి, కొత్తది కూడా పెట్టించాలి.

మొదటి మూట విప్పాడు. నీళ్ల గొట్టం ముక్క. రెండోదీ అంతే. నాలుగింట్లోనూ గొట్టాలే.

వెనక మెట్లు కిర్రుమన్నాయి.

"వెతక్కు," అంది నోరీన్, దవడ పట్టుకుని. "నువ్వు తెచ్చిన ప్రతిసారీ నెల తిరక్కుండా పట్టుకెళ్లి హోబర్ట్‌కే అమ్మేశాను. తొంభై చొప్పున ఇచ్చాడు. కరెంటు బిల్లు, నీ ట్రక్కు టైర్లు... అన్నీ అలాగే గడిచాయి."

ఎల్డన్ తలెత్తలేకపోయాడు. "నాతో ఒక్కమాట అనలేదేం?"

"సిగ్గేసింది. నువ్వు దాస్తున్నావు, నేను దొంగిలిస్తున్నాను. ఎవరు ఎవర్ని అడగాలి?"

"నాలుగూ అమ్మేశావా?"

నోరీన్ దగ్గరికి వచ్చి, అతని పక్కనున్న తెల్లపిడి రివాల్వరును తీసుకుంది. వెల్తురుకి పట్టి, దాని గొట్టం కింద ఉన్న వంకర గీతను బొటనవేలితో తడిమింది.

"నాలుగెక్కడివి ఎల్డన్? పిడి మారుతోందంతే, అన్నిసార్లూ ఇదే."